ఇంగ్లీషు వాక్యముల నామీకరణము

నిర్వచనము

క్రియ ప్రధానముగా నడచు ఇంగ్లీషు వాక్యమును గాని, పెద్ద వాక్యమున నొదిగియున్న ఉపవాక్యమును గాని, అందలి యభిప్రాయము చెడకుండ నామపదబంధముగా మార్చి చెప్పుటకు నామీకరణమని పేరు. ఇంగ్లీషు వ్యాకర్తలు దీనిని నామినలైజేషన్ అందురు. ‘ది కింగ్ డైడ్ సడన్లీ’ అనునది కర్త, క్రియ, క్రియావిశేషణము గల సంపూర్ణ వాక్యము. దానినే ‘ది కింగ్స్ సడన్ డెత్’ అని మార్చినప్పుడు ‘డైడ్’ అను క్రియ తొలగి ‘డెత్’ అను భావనామము నిలుచును. కర్తయైన ‘కింగ్’ షష్ఠీరూపమును పొందును. ‘సడన్లీ’ అను క్రియావిశేషణము ‘సడన్’ అను నామవిశేషణమగును. ఈ మూడు మార్పులును ఈ ప్రక్రియకు సామాన్య లక్షణములు.

ఇట్లేర్పడిన పదబంధము తనంతట తాను వాక్యము కాజాలదు. అది మఱియొక క్రియకు కర్తగా గాని కర్మగా గాని, లేదా ఒక ప్రిపొజిషనుకు ఆలంబనముగా గాని నిలిచి వాక్యమున సార్థకమగును. ‘ది కింగ్స్ సడన్ డెత్ ప్లంజ్డ్ ది కంట్రీ ఇంటు వార్’ అను వాక్యములో, రాజు హఠాత్తుగా మరణించుట, దేశము యుద్ధములో చిక్కుకొనుట అను రెండు సంఘటనలలో మొదటిది నామరూపమున కర్తయై, రెండవదానికి కారణమైనది. రెండు వాక్యములకు చోటు కావలసిన విషయమును ఒక్క వాక్యమున బిగించుటయే నామీకరణమునకు ప్రథమ ప్రయోజనము.

‘అర్థము చెడకుండ’ అను నియమమునకు ఒక పరిమితి కలదు. నామీకరణమున నిలుచునది సంఘటనయు, దానితో సంబంధించిన వ్యక్తులు, వస్తువులును మాత్రమే. కాలము, నిశ్చయము, సందేహము, విధి మొదలగు క్రియాధర్మములు సహజముగా నిలువవు. వానిని వేఱు పదములతో పూరింపవలసియుండును. (చూ. అర్థరక్షణ.)

చారిత్రక పరిణామము

ప్రాచీనాంగ్లమున క్రియలనుండియు విశేషణములనుండియు భావనామములను కల్పించు ప్రత్యయములు కలవు. నేటి ‘లర్నింగ్’ శబ్దమునకు మూలమైన రూపమున ‘ఉంగ్’ అను ప్రత్యయము కానవచ్చును. ‘గుడ్‌నెస్’, ‘స్ట్రెంగ్త్’, ‘ట్రూత్’ మొదలగునవి దేశ్యప్రత్యయములతో నేర్పడినవే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి రాజభాషయై, న్యాయస్థానములందును మఠములందును వ్యాపించుటచే ‘మెంట్’, ‘ఏజ్’, ‘అన్స్’, ‘షన్’ అను ప్రత్యయములుగల నామములు వెల్లువగా ప్రవేశించినవి. అటుపిమ్మట పునరుజ్జీవనయుగమున లాటిను నుండి నేరుగా దిగుమతియైన పదములు ఈ సంపదను మఱింత పెంచినవి. ఫలితముగా ఒకే యర్థమునకు ‘బిగినింగ్’ అను దేశ్యరూపమును, ‘కమెన్స్‌మెంట్’ అను పరదేశరూపమును ప్రక్కప్రక్కన నిలిచినవి. రెండవది గంభీరమనియు మొదటిది ఇంటి మాటయనియు పాఠకునికి తోచుటకు కారణము ఈ చరిత్రయే.

‘ఇంగ్’ అంతమందు గల జెరండు రూపమునకు ప్రత్యేక చరిత్ర కలదు. మొదట ఇది శుద్ధ నామము. క్రమముగా, 14వ శతాబ్ది నాటినుండి, ఇది క్రియవలె కర్మను నేరుగా స్వీకరించుటకును క్రియావిశేషణములను చేర్చుకొనుటకును అలవాటుపడినది. చాలకాలము ‘ది డూయింగ్ ఆఫ్ ఇట్’, ‘డూయింగ్ ఇట్’ అను రెండు రూపములతోపాటు ‘ది డూయింగ్ ఇట్’ అను సంకరరూపమును వాడుకలోనుండెను. 1762లో ఇంగ్లీషు వ్యాకరణమును వెలువరించిన రాబర్ట్ లౌత్, మొదట ‘ది’ యున్నచో తరువాత ‘ఆఫ్’ ఉండవలెననియు, ఒకటి లేనప్పుడు రెండవదియు నుండరాదనియు శాసించెను. నేటి ప్రమాణభాష ఇంచుమించుగా ఆ శాసనమునే పాటించుచున్నది.

విజ్ఞానశాస్త్రములు ఇంగ్లీషులో వ్రాయబడనారంభించిన 17, 18వ శతాబ్దులలో నామీకరణమునకు కొత్త పని యేర్పడినది. న్యూటను 1687లో ప్రిన్సిపియాను లాటినులో ప్రకటించినను, కాంతివిషయకమైన ఆప్టిక్స్ గ్రంథమును 1704లో ఇంగ్లీషులో వెలువరించెను. కాంతి వంగుట, ప్రతిఫలించుట అను క్రియలు అందు ‘రిఫ్రాక్షన్’, ‘రిఫ్లెక్షన్’ అను పదార్థములై, కొలువదగినవియు పోల్చదగినవియు నైనవి. శాస్త్రీయ వచనశైలికి ఇది యొక ముఖ్యమైన మూలమని 20వ శతాబ్దపు భాషాశాస్త్రవేత్త యం. ఏ. కె. హాలిడే నిరూపించెను.

సిద్ధాంతములు

డెన్మార్కు దేశీయుడైన ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణ తత్త్వ గ్రంథమున, కర్తకును క్రియకును గల సంబంధమును తమలో నిముడ్చుకొన్న ఈ నామములకు నెక్సస్ సబ్‌స్టాంటివ్ అని పేరిడెను. రాబర్ట్ లీస్ 1960లో ప్రకటించిన ఇంగ్లీషు నామీకరణముల వ్యాకరణము, అప్పటికి నూతనమైన పరివర్తన వ్యాకరణ సూత్రములతో ఈ రూపములన్నిటిని మూలవాక్యములనుండి సాధింప యత్నించినది. పదియేండ్ల పిమ్మట నోమ్ చామ్‌స్కీ 1970లో ప్రకటించిన వ్యాసమున ఆ మార్గము నుండి తొలగి, జెరండు మాత్రమే వాక్యమునుండి నియతముగా పుట్టుననియు, ‘రిఫ్యూజల్’ వంటి ప్రత్యయాంత నామములు నిఘంటువునకు చెందిన స్వతంత్ర పదములనియు ప్రతిపాదించెను. ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’ అను వాక్యమునకు ‘జాన్స్ బీయింగ్ ఈజీ టు ప్లీజ్’ అను జెరండు పొసగును. ‘జాన్స్ ఈజీనెస్ టు ప్లీజ్’ అను నామము పొసగదు. వాక్యమును జెరండుగా మార్చుట సార్వత్రికమనియు, ప్రత్యయాంత నామముగా మార్చుట పదపదమునకు పరీక్షింపదగినదనియు దీనివలన తేలినది. బోధకులు సాధారణముగా విస్మరించు సూక్ష్మమిది.

జీనో వెండ్లర్ 1967లో సంఘటనను చెప్పు నామమునకును యథార్థమును చెప్పు నామమునకును భేదమును చూపెను. ఒక గోడ కూలుట మెల్లగానో హఠాత్తుగానో జరుగవచ్చును. ‘గోడ కూలినది’ అను యథార్థము మెల్లనిది గాదు, హఠాత్తైనదియు గాదు, అది తెలిసినది గానో తెలియనిది గానో ఉండును. జేన్ గ్రిమ్‌షా 1990లో ఒకే పదము వ్యాపారమును గాని ఫలమును గాని చెప్పగలదని వివరించెను: ‘ది కన్‌స్ట్రక్షన్ ఆఫ్ ది బ్రిడ్జ్ టుక్ త్రీ ఇయర్స్’ అనుచోట ‘కన్‌స్ట్రక్షన్’ కట్టుట, ‘ఎ సాలిడ్ కన్‌స్ట్రక్షన్’ అనుచోట కట్టడము.

ఈ విచారము పాశ్చాత్యులకే పరిమితమైనది కాదు. యాస్కుడు నిరుక్తారంభముననే, ముందువెనుకలుగా సాగు భావమును ఆఖ్యాతము, అనగా క్రియాపదము, చెప్పుననియు, మొదలునుండి తుదివఱకు ఘనీభవించి ద్రవ్యమువలె తోచు భావమును నామము చెప్పుననియు విభజించెను. ధాతువునకు చేరు కృత్ప్రత్యయముచే చెప్పబడిన భావము ద్రవ్యమువలె ప్రవర్తించునని పతంజలి మహాభాష్యమున పలికెను. నామీకరణ ఫలితమును ఇంతకంటె సంక్షిప్తముగా చెప్పిన నిర్వచనము ఇంగ్లీషు వ్యాకరణములందు అరుదు.

నామపదముల నిర్మాణము

క్రియనుండి నామము పుట్టు మార్గములు మూడు. రూపము మారకయే క్రియ నామమగుట మొదటిది: ‘అటెంప్ట్’, ‘ఆన్సర్’, ‘విజిట్’. ‘ఇంగ్’ చేరుట రెండవది. ఇతర ప్రత్యయములు చేరుట మూడవది: ‘అరైవల్’, ‘డిపార్చర్’, ‘డిస్కవరీ’, ‘ఎగ్జిస్టెన్స్’, ‘అగ్రిమెంట్’, ‘డిసిజన్’. విశేషణములనుండి ‘నెస్’, ‘ఇటీ’, ‘సీ’, ‘త్’ మున్నగు ప్రత్యయములతో ‘లేజీనెస్’, ‘ఎబిలిటీ’, ‘అక్యురసీ’, ‘విడ్త్’ ఏర్పడును.

ఏ క్రియకు ఏ ప్రత్యయము చేరునో తెలుపు సార్వత్రిక నియమము లేదు. అంతకంటె చిక్కైనది, ఒకే క్రియనుండి పుట్టిన రెండు నామములు భిన్నార్థములను వహించుట. ‘అబ్జర్వ్’ నుండి ‘అబ్జర్వేషన్’ పుట్టినప్పుడు పరిశీలన, ‘అబ్జర్వెన్స్’ పుట్టినప్పుడు ఆచరణ. నక్షత్రములకు మొదటిది, వ్రతములకు రెండవది. ‘ప్రపోజల్’ ఒక సూచన, ‘ప్రపోజిషన్’ తర్కశాస్త్రమున ప్రతిజ్ఞ. ‘కమిట్’ నుండి ‘కమిషన్’, ‘కమిట్‌మెంట్’, ‘కమిటల్’ అను మూడు నామములు కలవు. నేరమునకు చేరునది మొదటిది మాత్రమే.

కర్తృకర్మల స్థానము

మూలవాక్యమున కర్త క్రియకు ముందు, కర్మ క్రియకు తరువాత నుండును. నామపదబంధమున కర్త సాధారణముగా ‘స్’ అంతమగు షష్ఠితోను, కర్మ ‘ఆఫ్’ తోను నిలుచును: ‘సీజర్ కాంకర్డ్ గాల్’ అనునది ‘సీజర్స్ కాంక్వెస్ట్ ఆఫ్ గాల్’ అగును. కర్మను ‘ఆఫ్’ తోను, కర్తను ‘బై’ తోను చెప్పు రీతియు కలదు: ‘ది కాంక్వెస్ట్ ఆఫ్ గాల్ బై సీజర్’. ఈ రెండవ రీతి పాణినీయమునకు మిక్కిలి సన్నిహితము. కృదంతయోగమున కర్తకును కర్మకును షష్ఠి విధించిన పాణిని, రెండును ఒకచో ప్రాప్తించినప్పుడు కర్మకు మాత్రమే షష్ఠియని నియమించెను. అప్పుడు కర్త తృతీయలో నుండును. గొల్లవాడు కానివానిచే గోవుల పాలు పితుకబడుట ఆశ్చర్యమని వ్యాఖ్యాతలు చూపు ఉదాహరణము ‘ఆఫ్’, ‘బై’ ల క్రమమునే యనుసరించును.

కర్తృకర్మలలో ఒకటి మాత్రమే ‘ఆఫ్’ తో నిలిచినప్పుడు సందిగ్ధత పుట్టును. ‘ది షూటింగ్ ఆఫ్ ది హంటర్స్’ అన్నప్పుడు వేటగాండ్రు కాల్చిరా, కాల్చబడిరా? చామ్‌స్కీ 1957లో ఉదాహరించినదగుటచే ఈ పదబంధము ప్రసిద్ధి చెందినది. మూలవాక్యమున లేని సందేహము నామీకరణముచే పుట్టినది గనుక, ఇట్టిచో పునఃకథనము అర్థమును రక్షించినదని చెప్పజాలము.

కర్మ అన్నివేళల ‘ఆఫ్’ నే కోరదు. ‘అటాక్ ది ఫోర్ట్’ అనునది ‘అటాక్ ఆన్ ది ఫోర్ట్’ అగును. ‘ఎంటర్ ది రూమ్’ అనునది ‘ఎంట్రీ ఇంటు ది రూమ్’. ‘ఆన్సర్ ది క్వశ్చన్’ అనునది ‘ఆన్సర్ టు ది క్వశ్చన్’. ‘డిమాండ్ హయ్యర్ వేజెస్’ అనునది ‘డిమాండ్ ఫర్ హయ్యర్ వేజెస్’. క్రియకు లేని ప్రిపొజిషను నామమునకు వచ్చి చేరుచున్నది. మన దేశమున తఱచుగా వినబడు ‘డిస్కస్ అబౌట్’ అను దోషము విలోమముగా పుట్టినది: ‘డిస్కషన్ అబౌట్’ అను సాధురూపములోని ప్రిపొజిషను క్రియకు అంటగట్టబడినది.

ఉపవాక్యముల పరివర్తనము

ఉపవాక్యము నామపదబంధముగా మాఱునప్పుడు దానిని ప్రధానవాక్యముతో కూర్చు సముచ్చయపదమును మాఱును. హేతువును తెలుపు ‘బికాజ్’ స్థానమున ‘బికాజ్ ఆఫ్’ లేక ‘ఓయింగ్ టు’, విరోధమును తెలుపు ‘ఆల్దో’ స్థానమున ‘ఇన్ స్పైట్ ఆఫ్’ లేక ‘డిస్పైట్’, షరతును తెలుపు ‘ఇఫ్’ స్థానమున ‘ఇన్ ది ఈవెంట్ ఆఫ్’, కాలమును తెలుపు ‘వెన్’ స్థానమున ‘ఆన్’ లేక ‘ఎట్’ వచ్చును. ‘ఆల్దో హి వాజ్ ఇల్, హి అటెండెడ్ ది మీటింగ్’ అనునది ‘ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ ఇల్‌నెస్, హి అటెండెడ్ ది మీటింగ్’ అగును.

ప్రశ్నార్థక పదములతో మొదలగు ఉపవాక్యములకు తఱచుగా క్రియాజన్యము కాని నామములే చాలును. ‘హౌ ఓల్డ్ హి ఈజ్’ అనుటకు ‘హిజ్ ఏజ్’, ‘వేర్ షి వజ్ బార్న్’ అనుటకు ‘హర్ బర్త్‌ప్లేస్’, ‘హౌ వైడ్ ది రివర్ ఈజ్’ అనుటకు ‘ది విడ్త్ ఆఫ్ ది రివర్’, ‘వై హి రిజైన్డ్’ అనుటకు ‘ది రీజన్ ఫర్ హిజ్ రెజిగ్నేషన్’. పరీక్షలలో ఇవి సులభములుగా నుండును.

అర్థరక్షణ

‘హి విల్ అరైవ్’, ‘హి హాజ్ అరైవ్డ్’, ‘హి అరైవ్స్’ అను మూడును ‘హిజ్ అరైవల్’ అను ఒక్క పదబంధములో కలిసిపోవును. కాలభేదము అవసరమైనచో ‘ఎక్స్‌పెక్టెడ్’, ‘రీసెంట్’, ‘రెగ్యులర్’ వంటి విశేషణములను చేర్చవలెను. శక్యత, సంభావన, విధి మొదలగు వానిని తెలుపు సహాయక్రియలకు ప్రతిగా స్వతంత్ర నామములు కలవు: ‘హి కెన్ స్విమ్’ అనునది ‘హిజ్ ఎబిలిటీ టు స్విమ్’; ‘షి మే కమ్’ అనునది ‘ది పాసిబిలిటీ ఆఫ్ హర్ కమింగ్’; ‘వి మస్ట్ యాక్ట్’ అనునది ‘ది నెసెసిటీ ఫర్ యాక్షన్’. ఈ చివరి దానిలో కర్త ఎగిరిపోయినాడు. ఎవరు పనిచేయవలెనో చెప్పు భారము పాఠకుని యూహకు వదలబడినది.

నిషేధము మఱింత జాగ్రత్తను కోరును. ‘హి డిడ్ నాట్ పే’ అనువానికి ‘నాన్-పేమెంట్’, ‘హిజ్ ఫెయిల్యూర్ టు పే’, ‘హిజ్ రెఫ్యూజల్ టు పే’ అను మూడు రూపములను విద్యార్థులు పర్యాయములుగా వాడుదురు. మొదటిది సొమ్ము ముట్టలేదను సంగతిని మాత్రము చెప్పును. రెండవది చేయదగినది చేయలేదను దోషమును మోపును. మూడవది బుద్ధిపూర్వకమైన నిరాకరణమును ఆరోపించును. మూలవాక్యమునకు సమానార్థకము మొదటిదే. న్యాయస్థాన పత్రములందు ఈ మూటికిని గల భేదముపై వ్యాజ్యఫలము మాఱవచ్చును.

క్రియావిశేషణములందును కొన్ని లొంగవు. ‘క్విక్లీ’ అనునది ‘క్విక్’ గా సుఖముగా మాఱును. ‘హార్డ్లీ’, ‘ఆల్‌మోస్ట్’ వంటి వానికి సరిపోలు విశేషణములు లేవు. ‘షి డాన్సెస్ బ్యూటిఫుల్లీ’ అనుదానిని ‘షి ఈజ్ ఎ బ్యూటిఫుల్ డాన్సర్’ అని మార్చినచో, అందము నాట్యమునకా నర్తకికా అను శంక మిగులును.

లఘుక్రియలు

క్రియను నామముగా మార్చి, దానికి ‘మేక్’, ‘టేక్’, ‘గివ్’, ‘హ్యావ్’ వంటి అర్థబలము తక్కువైన క్రియను జోడించు రీతి ఇంగ్లీషున విస్తారముగా నున్నది. ఇట్టి క్రియలకు యెస్పర్సన్ లైట్ వెర్బ్ అని పేరిడెను. ‘డిసైడ్’ అనుటకు ‘మేక్ ఎ డిసిజన్’, ‘లుక్’ అనుటకు ‘హ్యావ్ ఎ లుక్’ అందురు. ‘హి మేడ్ ఎ పెయిన్‌ఫుల్, లాంగ్-డిలేడ్ డిసిజన్’ అనుచోట నామమునకు చేరిన విశేషణములను క్రియావిశేషణములుగా మార్చినచో వాక్యము కుంటుపడును. లఘుక్రియకు గల సౌలభ్యమిది.

ప్రయోజనములు, ఆక్షేపణలు

హాలిడే 1985లో ప్రకటించిన వ్యాకరణ గ్రంథమున నామీకరణమును వ్యాకరణగతమైన రూపకముగా వర్ణించెను. సంఘటనకు సహజరూపము క్రియ కాగా, దానిని వస్తువుగా భావించి చెప్పుట రూపకమే యని ఆయన మతము. ఒక వాక్యమున క్రియచే చెప్పబడిన విషయమును తరువాతి వాక్యమున నామముగా గ్రహించి, దానికి కొత్త విషయమును చేర్చుచు పోవుట శాస్త్రవాదమునకు మిక్కిలి యనుకూలము. వార్తాశీర్షికలు, చట్టముల నిబంధనలు, గ్రంథముల అధ్యాయనామములు ఈ రీతి లేక నడువవు.

ఆక్షేపణలును లేకపోలేదు. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయములును ఇంగ్లీషు భాషయు అను వ్యాసమున, సూటియైన క్రియకు బదులు నామములతో కూడిన పదసముదాయములను వాడుటను దూషించెను. ప్రభుత్వోద్యోగుల రచనలను సంస్కరించుటకు బ్రిటిషు ఖజానాశాఖ కోరికపై సర్ ఎర్నెస్ట్ గవర్స్ వ్రాసిన ప్లెయిన్ వర్డ్స్ 1948లో వెలువడి, సులభశైలిని బోధించినది. కర్తను మఱుగుపఱచుటకు నామపదబంధము అనువైన సాధనమనుట నిజము: ‘ది డిస్మిసల్ ఆఫ్ ది వర్కర్స్’ అన్నప్పుడు తొలగించినవారెవరో చెప్పనక్కఱలేదు. కాని సంగ్రహమునకు ఉపకరించు రూపమే దాపఱికమునకును ఉపకరించుచున్నదిగాన, దోషము వ్రాయువాని యుద్దేశమును బట్టి నిర్ణయింపదగినదే గాని ప్రక్రియను బట్టి కాదు.

భారతదేశమున బోధన

వాక్యపరివర్తన మను పేర ఈ అభ్యాసము భారతీయ పాఠశాలలకు సుపరిచితము. పి. సి. రెన్, హెచ్. మార్టిన్‌ల హైస్కూలు ఇంగ్లీషు వ్యాకరణము దీనికి విస్తృత ప్రచారము కల్పించినది; సంశ్లిష్టవాక్యమును సామాన్యవాక్యముగా మార్చుట, ఒక భాషాభాగమునకు బదులు మఱియొకదానిని వాడుట అను శీర్షికల క్రింద నామీకరణమే ప్రధానముగా బోధింపబడును. గ్రంథము తరువాతికాలమున ఎన్. డి. వి. ప్రసాదరావుచే పరిష్కృతమై నేటికిని చెలామణిలోనున్నది. ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై 1958లో హైదరాబాదున స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థ, 2007లో ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయమైనది.

పాఠశాలాభ్యాసములందు రూపసిద్ధికి మార్కులు లభించును. అర్థము నిలిచినదా అను పరీక్ష అరుదు. ‘హి ఫెయిల్డ్ బికాజ్ హి వజ్ లేజీ’, ‘హిజ్ లేజీనెస్ కాజ్డ్ హిజ్ ఫెయిల్యూర్’ అను రెండును ఒకటేయని బోధించుట పరిపాటి. మొదటి దానిలో ఓడినవాడు ముందు కానవచ్చును. రెండవ దానిలో సోమరితనమే కర్తయై నిలిచినది.

తెలుగుతో పోలిక

తెలుగున భావార్థక కృదంతములు రెండు తెగలు. ‘ఉట’ చేరిన ‘వచ్చుట’, ‘చేయుట’ వంటి రూపములు, వ్యవహారమున ‘రావటం’, ‘చేయటం’, ఏ ధాతువునుండియైనను పుట్టును. ‘రాక’, ‘కలయిక’, ‘పెరుగుదల’, ‘ఓటమి’, ‘గెలుపు’ వంటివి ఆయా ధాతువులకే పరిమితములు. రెండు తెగలకును వాక్యనిర్మాణమున భేదము కలదు: ‘రాముడు వచ్చుట’ అందుము, ‘రాముని రాక’ అందుము. మొదటిచోట కర్త ప్రథమలోనే నిలిచి క్రియాస్వభావము మిగిలినది. రెండవచోట షష్ఠి వచ్చినది. ‘త్వరగా వచ్చుట’ యందు క్రియావిశేషణము నిలుచును. ‘రాక’ కు విశేషణమే తగును. ఇంగ్లీషు జెరండునకును ప్రత్యయాంత నామమునకును చామ్‌స్కీ చూపిన భేదమునకు ఇది దాదాపుగా సమానము. (చూ. కృదంతము, తద్ధితము.)

పత్రికలు, కార్యాలయముల ద్వారా ఇంగ్లీషు నామశైలి తెలుగులోనికిని వచ్చినది. ‘నిర్ణయించిరి’ అనుటకు ‘నిర్ణయము తీసికొనిరి’, ‘విచారించిరి’ అనుటకు ‘విచారణ జరిపిరి’, అన్నిటికిని మించి ‘చేయడం జరిగింది’ అను రూపము ఇందులకు నిదర్శనములు. కడపటి రూపమున కర్త పూర్తిగా అదృశ్యుడగును. కార్యాలయ పత్రములలో దాని వ్యాప్తికి కారణము అదియే కావచ్చును. ఇంగ్లీషు నేర్చు తెలుగు విద్యార్థి ‘ఉట’ ను జెరండునకును, ‘రాక’ వంటి రూపమును ప్రత్యయాంత నామమునకును జతపఱచి అభ్యసించినచో, కర్తకు షష్ఠియు, కర్మకు తగిన ప్రిపొజిషనును ఎక్కడ రావలెనో సులభముగా గుర్తింపగలడు.